గొర్రె పేగు తీగలూ, గోడ హీటరూ

భూగోళానికి కింది కొసన ఉన్న ఈ లోవర్ హట్ ఊరికి కొత్తగా వచ్చిన ఆ రోజుల్లో లోకమంతా నా మీదే కక్ష కట్టిందని నా గట్టి నమ్మకం. ఎవరు ఎప్పుడు నన్ను ఎంత మాటన్నారో రాసుకునే నల్ల డైరీ ఒకటి ఉండేది (మూడో తరగతిలో నా పలక తొక్కి, కనీసం వెనక్కి తిరిగి చూడనివాడు కూడా అందులో ఉన్నాడు). ఏ ఇంటర్వ్యూకు వెళ్లినా, "నీ పని చూసినవాళ్లు ఈ దేశంలో ఎవరైనా ఉన్నారా?" అనేవాళ్లు. నాతోపాటు ఫ్లాట్‌లో ఉండే గుంటూరు అన్న ఓ రోజు, "ఒరేయ్, ఎక్కడన్నా వాలంటీర్‌గా చేరరా. వాళ్లే రిఫరెన్స్ ఇస్తారు," అన్నాడు. "జీతం లేకుండానా?" అన్నాను. "జీతం ఇచ్చేవాళ్లు నిన్ను తీసుకోవట్లా గదరా!" అన్నాడు. ఆ మాట కూడా డైరీలోకి ఎక్కింది.

అలా మా వీధి చివరి చర్చి హాల్లో సాధన చేసే బరోక్ ఆర్కెస్ట్రాకు కుర్చీలు వేసే పనిలో చేరాను. మూడు వందల ఏళ్లనాటి యూరప్ సంగీతాన్ని ఆ కాలపు పద్ధతిలో చేసిన వాద్యాల మీదే వాయిస్తారు వాళ్లు. వయొలిన్లకు గొర్రె పేగుతో చేసిన తీగలు. మధ్యలో హార్ప్సికార్డ్, చూడటానికి పియానోకు బక్కచిక్కిన ముత్తవ్వలా ఉంటుంది. దానికి శ్రుతి చేసే పెద్దాయనకు శ్రుతి తాత అనీ, మూడు స్వెటర్లు వేసుకుని అందరినీ నడిపించే నాయకురాలికి స్వెటరమ్మ అనీ నాలో నేనే పేర్లు పెట్టుకున్నాను. మొదటి రోజు గౌరవంగా "ఆంటీ" అంటే, "నేను నీకు ఆంటీని కాదు," అందావిడ. డైరీ! ఆ వెంటనే, "కుర్చీలు వెయ్యి, స్టాండ్లు పెట్టు. ఆ గోడ హీటర్ మాత్రం ముట్టుకోకు. వేడి తీగలకు పడదు," అని హెచ్చరించింది.

జూలైలో కచేరీ వచ్చింది. అంటే ఇక్కడ నడి చలికాలం. తాత రెండు గంటలు కూర్చుని శ్రుతి చేశాడు. తరువాత అందరూ టీకి వెళ్లారు. హాల్లో నేనూ, మడతపెట్టిన కుర్చీలూ మిగిలాం. వేళ్లు వంగటం లేదు. గొర్రెకేమో చలి వేయదు, దాని పేగుకేమో వేడి పడదు, మధ్యలో నేనేం పాపం చేశానని ఉక్రోషం వచ్చి హీటర్ పూర్తిగా తిప్పేశాను. వీపు దానికి ఆనించి నిలబడితే, ఈ దేశం వచ్చాక మొదటిసారి ప్రాణం లేచి వచ్చింది. వాళ్లు వచ్చే ముందే కట్టేశాను. ఎవరు చూశారు గనక!

వాళ్లు వచ్చి తీగలకు విల్లు ఆనించగానే తెలిసిపోయింది. ఒక్కో తీగ ఒక్కో ఊరి యాసలో మాట్లాడింది. హార్ప్సికార్డ్ అయితే పూర్తిగా అలిగింది. జనం దుప్పట్లతో సహా వరండాలో చేరుతున్నారు. వేణువు వాయించేవాడు తాత వైపు తిరిగి, "రెండు గంటలు ఏం చేశావు? అసలు చెవులు పనిచేస్తున్నాయా?" అన్నాడు. తాత ఒక మెట్టు నొక్కి విన్నాడు. మళ్లీ నొక్కాడు. "ఏమో, నిజమేనేమో," అని చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు.

సోమవారం నాకు ఇంటర్వ్యూ. రిఫరెన్స్‌కు ఇచ్చిన పేరు స్వెటరమ్మదే. నోరు మూసుకుంటే ఉద్యోగం మీద ఆశ ఉంటుంది. కానీ అనరాని మాట పడటం ఎలా ఉంటుందో డైరీ నిండా రాసుకున్నవాణ్ణి నేను. నా మూలంగా ఆ తాత ఇంటికి వెళ్లి ఓ డైరీ కొనుక్కోవటం చూడలేకపోయాను. "హీటర్ వేసింది నేను," అన్నాను. అక్కడితో ఆపానా? "అయినా ఈ హాల్లో మనిషన్నవాడు బతకగలడా? నా వేళ్లు చూడండి!" అని చేతులు కూడా చాపాను.

స్వెటరమ్మ నన్ను ఎగాదిగా చూసి, "ఫిర్యాదు తరువాత విందాం. ముందు తలుపులన్నీ తెరువు," అంది. వేణువాయన తాత దగ్గరికి వెళ్లి భుజం మీద చెయ్యి వేశాడు. చలిగాలిలో తాత మళ్లీ మొదటినుంచీ శ్రుతి చేశాడు, నేను వణుకుతూ వరండాలో అందరికీ టీలు అందించాను. ఆలస్యంగానే మొదలైంది. ఆ పల్చని, తేనెరంగు శబ్దం విన్నాక, పేగుకు అంత పౌరుషం ఉండటంలో తప్పు లేదనిపించింది.

ఉద్యోగం వచ్చింది! చేరిన రోజు మేనేజరు నవ్వుతూ, "నీ గురించి ఆవిడ రెండే ముక్కలు చెప్పింది. ఎవరూ చూడని తప్పును తనే ఒప్పుకున్నాడట. ఒప్పుకుంటూ కూడా ఫిర్యాదు చేశాడట," అన్నాడు. (రెండో ముక్క అవసరమా అని నేటికీ అడగాలనే ఉంది.) తరువాతి సాధనకు వెళ్లేసరికి నా కుర్చీలో ఉన్ని తొడుగు వేసిన వేడినీళ్ల బ్యాగ్ ఉంది. తొడుగు స్వెటరమ్మ అల్లిందే. "తీగలకు పడనిది నీకు పడుతుందిగా," అంది. "థ్యాంక్స్ ఆంటీ," అన్నాను. ఆవిడ ఏదో అనబోయి, "సరే, కుర్చీలు వెయ్యి," అని ఊరుకుంది.

ఆ బ్యాగ్ రబ్బరు ఎప్పుడో పగిలింది. నీళ్లు నిలవవు, పారేయనూ లేను. ఇప్పటికీ కోటు వేసుకుని ఆ హాల్లో మూడో వరుసలో కూర్చుంటాను. చలి అలాగే ఉంది, నా ఫిర్యాదూ అలాగే ఉంది. కచేరీ మొదలయ్యే ముందు ఆ గోడ హీటర్‌ను చూస్తే, దానికి వీపు ఆనించి లోకం మీద అలిగిన కుర్రాడు కనిపిస్తాడు. పాపం, ఒక దుప్పటి ఇద్దామనిపిస్తుంది. అతని డైరీ మొత్తంలో కొట్టేసిన పేరు స్వెటరమ్మది ఒక్కటే. ఆ గీత వంకరగా వచ్చిందంటే మనసొప్పక కాదు, చలికి వేళ్లు వంగలేదు, అంతే.