వందనాలు చెప్పిన ఇంటి ఓనరు

ఫోన్లో ఎవరైనా "వందనాలు బ్రదర్" అంటే చాలు, మా అన్నయ్యకు ఆధార్ కార్డు చూసినంత నమ్మకం కుదురుతుంది. జగ్గయ్యపేటలో మా చర్చి సంఘస్తులు చాలామంది అంతే. కరెంటు పనివాణ్ణి, పెళ్లి సంబంధాన్ని కూడా అలాగే కుదుర్చుకుంటారు. నేను నందిగామలో టీచర్ని. హోంవర్క్ చెయ్యని రోజే కడుపునొప్పి వచ్చే పిల్లల మధ్య బతుకుతున్నాను కాబట్టి, అంత తేలిగ్గా ఎవర్నీ నమ్మను.

మొన్న వేసవి సెలవుల్లో అమ్మకు సముద్రం చూపించాలనుకున్నాం. మిరప చేలల్లో వంగి వంగి కాయలు కోసిన మనిషి. తాను బాప్తిస్మం తీసుకున్న కృష్ణానది తప్ప పెద్ద నీళ్లు చూడలేదు. ఇప్పుడు మోకాళ్లు అరిగిపోయాయి. మెట్లు ఎక్కలేదు, కింద కూర్చుంటే లేవలేదు. ఈసారి తీసుకెళ్లకపోతే ఇక తీసుకెళ్లలేమని మా ఇద్దరికీ తెలుసు. బయట తిండి ఆమెకు పడదు, అందుకని వంట చేసుకునే ఇల్లే కావాలంది.

అన్నయ్య ఫోన్లో వెతికి బాపట్ల వైపు ఒక ఇల్లు పట్టాడు. ఫొటోలు చూస్తే నాకే ప్రాణం లేచొచ్చింది.

"ఓనరు ఎత్తగానే వందనాలు బ్రదర్ అన్నాడు. కింది అంతస్తేనంట. లొకేషన్ కూడా పంపాడు. ఆదివారం ఆదివారం వాళ్ల హాల్లోనే ప్రార్థన జరుగుద్దంట. డబ్బంతా ముందే వెయ్యమన్నాడు, సాయంత్రం వేసేస్తా" అన్నాడు.

"గేటు దగ్గర్నుంచి బాత్రూం దాకా వీడియో కాల్లో చూపించమన్నావా?"

"విశ్వాసిని పట్టుకుని అట్టా ఎట్టా అడుగుతామే?"

నాకు ఒళ్లు మండింది. అన్నయ్యను పక్కన కూర్చోబెట్టి, స్పీకర్ పెట్టి, నా ఫోన్ నుంచి ఆ ఓనరుకు చేశాను. కావాలనే వందనాలు అనకుండా, మా ఊరి పక్కనున్న నరసింహస్వామి క్షేత్రం పేరు చెప్పాను.

"నమస్కారమండి. వేదాద్రి పక్కనుంచి మాట్లాడుతున్నా. మీ ఇల్లు కావాలండి."

"వేదాద్రా అండి? అంతా నరసింహస్వామి దయ. మా ఇంట్లో పూజగది ఉందండి. కోడిగుడ్డు కూడా వండనివ్వం" అన్నాడు.

అన్నయ్య తన ఫోన్ తీసి, అదే నంబరా కాదా అని సరిచూసుకున్నాడు. వీడియో కాల్ అడిగితే అక్కడ సిగ్నల్ ఉండదన్నాడు ఆ పెద్దమనిషి. ఇంతకుముందు దిగినవాళ్ల నంబరు ఒకటి ఇమ్మంటే ఫోన్ పెట్టేశాడు.

వంటింట్లోంచి అమ్మ, "కుదిరిందా?" అంది. అప్పటికే స్త్రీల కూటంలో అందరికీ చెప్పేసుకుంది. అన్నయ్య నా మొహం వైపు చూశాడు. నాకు కోపం పోయి జాలేసింది.

మా స్కూల్లో ఒక టీచరు పోయినేడు దిగి వచ్చిన ఇల్లుంటే, ఆ ఓనరమ్మకు ఫోన్ చేశాను. ఆవిడ నమస్కారమూ అనలేదు, వందనమూ అనలేదు. "ఏం కావాలి?" అంది. వీడియో కాల్లో చూపించమంటే విసుక్కుంటూనే చీపురు పక్కన పడేసి గేటు, గడప, కమోడ్, దాని పక్కన పట్టుకు లేచే కడ్డీ అన్నీ చూపించింది. అడ్వాన్సు కొంచెం వేస్తే చాలు, మిగతాది తాళం చేతికిచ్చాక తీసుకుంటానంది. బయల్దేరే ముందు మళ్లీ చేస్తే, "ఉంటానని చెప్పాగా, రండి" అని కసిరింది. ఆ కసురు విన్నాక నాకు మనసు కుదుటపడింది.

కారు బాపట్ల దాటాక అన్నయ్య, ఆ ఇల్లుందో లేదో కళ్లారా చూడాలని, డ్రైవరును ఒక మట్టిదారిలోకి తిప్పించి ఆపమన్నాడు. మొదటివాడు పంపిన లొకేషన్ అదే. సరుగుడు చెట్లు, ఇసుక, తెగిన వలముక్క. ఇల్లు కాదు కదా, గుడిసె కూడా లేదు. పొద్దు వాలుతోంది. కనుచూపు మేరలో మనిషి లేడు.

వెనక సీట్లో అమ్మ కాళ్లతో తడిమి చెప్పులు వేసుకుంది. కర్ర చేతిలోకి తీసుకుంది. చిన్నపిల్లలా సంబరపడిపోతోంది.

"ఇక్కడేనా నాయనా దిగేది?" అంది, తలుపు మీద చెయ్యి వేసి.

అన్నయ్య కారు వెనక్కి తిప్పమని డ్రైవరుకు సైగ చేశాడు.

"ఇక్కడ కాదమ్మా" అన్నాను నేను. "కూర్చో."