ఉలవల కింద బియ్యం

జీవమ్మ పుట్టింది నందికొట్కూరు తాలూకాలో, కడప కాలువ కింద ఉన్న ఒక పల్లెలో. తండ్రి ప్రేమయ్య ఒక రైతు మళ్లలో పనిచేసేవాడు. కూలి వడ్లుగా వచ్చేది. ఆ ఇంట్లో రెండో దుప్పటి లేదు, వాన వస్తే కప్పు కారేది, అయినా రెండు పూటలా తిన్నది మాత్రం వరి బువ్వే. ఒక్కోసారి నూకలు. నూకలైనా వరి నూకలే గదా అనేది తల్లి.

పదహారేళ్లకు, 1913లో, ఆమెను కోడుమూరుకు ఆరు మైళ్ల దూరంలోని ఒక మెట్ట ఊరికి ఇచ్చారు. భర్త పేరు లేవి. అత్త సంతోషమ్మ. ఊరికి తూర్పున నీళ్ల వంక దాటితే క్రైస్తవుల పాలెం, ఇరవై రెండు ఇళ్లు, నడుమ బోద గడ్డి కప్పిన ప్రార్థన గుడి. చుట్టూ నల్లరేగడి. వాన పడితే జొన్న, కొర్ర. పడకపోతే ఏది దొరికితే అది. క్రిస్మసుకు, పెండ్లికి, జ్వరం నుంచి లేచిన మనిషి పథ్యానికి తప్ప ఆ పాలెంలో పొయ్యి మీద బియ్యం ఉడికేది కాదు.

వచ్చిన రోజు జొన్న సంగటి ముద్ద పెడితే జీవమ్మకు గొంతు దిగలేదు. సంతోషమ్మ పక్కన కూర్చుని నేర్పింది.

"నమలద్దు బిడ్డా, మింగు. సంగటిని నువ్వు నమిలితే అది నిన్ను నములుతాది."

జీవమ్మ నవ్వి మింగింది. ఆర్నెల్లలో అలవాటు పడింది కూడా. కానీ ఆశ ఒకచోట, అలవాటు ఒకచోట. పొలంలో కలుపు తీస్తూ తీస్తూ ఉన్నట్టుండి ఆమెకు అన్నం వార్చిన వాసన గుర్తొచ్చేది. అప్పుడు చేతి పని ఆపి కాలువ దిక్కుకు చూసేది.

కూతురు మెట్ట తిండికి చిక్కిపోతుందని ప్రేమయ్యకు బెంగ. మరుసటి కోతలైన తర్వాత కొడుకు ఏసేపు చేత బండి మీద ఒక బియ్యం మూట పంపాడు. ఆ మూటను చూసి సంతోషమ్మ ఎంత సంబరపడిందంటే, అన్నం తినే లోపలే చేటా శేరూ తీసుకుని బయలుదేరింది. ఇంటికింత అని ఇరవై రెండు ఇళ్లకూ కొలిచిపోసి వచ్చింది. ఆమెకు ఒక మాట ఉండేది: వాసన పోయిన కాడికంతా బువ్వ పోవాల. ఆ సాయంత్రం పాలెమంతా ఒకటే వాసన. చూడవచ్చిన వాళ్లకు పెట్టగా పెట్టగా జీవమ్మ పళ్లెంలోకి వచ్చింది ఒక గరిటెడు.

అప్పటికి ఆమెకు మూడో నెల. వేవిళ్లతో జొన్నరొట్టె లోపల నిలవడం లేదు. ఆ సంగతి ఇంకా అత్తకు చెప్పలేదు. చెప్పి ఉంటే సంతోషమ్మ తప్పకుండా తీసిపెట్టేదే. సిగ్గుపడి ఊరుకుంది, గడ్డివామి చాటుకు పోయి ఏడ్చింది.

మరుసటి ఏడు మూట వచ్చిన రోజు సంతోషమ్మ పొలంలో ఉంది. ఆమె వచ్చేలోపల జీవమ్మ మూటలో మూడో వంతు ఒక కుండలోకి తీసి, పైన జానెడు మందం ఉలవలు పోసి, మూత పెట్టి, మూలన ఉన్న ఉలవ కుండల పక్కన చేర్చింది. అత్త వచ్చి మూట ఎత్తి చూసి, "ఈ ఏడు మీ నాయనకు తక్కువొచ్చినట్లుండాది" అంది. జీవమ్మ ఊఁ అంది.

ఆనాటి నుంచి పదిహేను రోజులకో, నెలకో ఒకసారి, సంతోషమ్మ కూలికి పోయి ఇంట్లో తానూ పసిబిడ్డా మాత్రమే ఉన్నప్పుడు, చిన్న ముంతలో రెండు పిడికెళ్లు ఉడికించుకునేది. వాసన బయటికి పోకుండా వాకిట్లో పిడకల పొగ పెట్టేది. కాస్త ఉప్పు, కాస్త మజ్జిగ. గోడకు ఆనుకుని, కళ్లు మూసుకుని తినేది. తింటున్నంతసేపూ కాలువ గట్టు మీద ఉన్నట్లుండేది. తిన్న తర్వాత ముంత కడిగి బోర్లించేటప్పుడు మాత్రం మనసుకు ఏదో అంటినట్లుండేది.

ఒకనాడు పొలంలో గుంటక విరిగి లేవి పొద్దు ఎక్కకముందే ఇంటికొచ్చాడు. పళ్లెం ముందర కూర్చున్న భార్యను చూశాడు. ఆమె పళ్లెం అతని వైపు జరిపింది. అతను కూర్చుని నాలుగు ముద్దలు తిన్నాడు.

"అమ్మకు తీసిపెట్టినావా?" అని అడిగాడు.

"లేదు."

లేవి ఇంకో ముద్ద తిన్నాడు. పళ్లెం తిరిగి ఆమె వైపు జరిపి, గుంటక బాగుచేయించడానికి పోయాడు. తల్లికి చెప్పలేదు. ఆ తర్వాత ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. అలా మూడేళ్లు గడిచాయి.

1918లో వానలు లేవు. దసరా అయ్యేటప్పటికి పెద్ద జ్వరం వచ్చింది. దేశమంతా వచ్చిన జ్వరమే. పొద్దున దగ్గిన మనిషి సాయంత్రానికి మంచం పట్టేవాడు. పాలెంలో లేచి నీళ్లు తెచ్చేవాళ్లు కరువయ్యారు. జొన్న అంబలి పోస్తే జ్వరం పడ్డవాళ్ల కడుపులో నిలవలేదు.

కూతురికి జ్వరం మొదలైన రెండో రోజు పక్కింటి రాహేలమ్మ వచ్చింది. ఆమె కూతురు కృపమణి జీవమ్మ ఈడుదే. ఇద్దరూ కలిసి కలుపుకు పోయేవాళ్లు, ఒకే కొంగులో గుగ్గిళ్లు పోసుకుని తినేవాళ్లు.

"కృపమణికి ఏమీ దిగలేదమ్మా" అంది రాహేలమ్మ. "పిడికెడు బియ్యముంటే గంజి కాస్తా. మీ నాయన పంపినవి ఏమైనా మిగిలుండాయా?"

జీవమ్మ చంకలో నాలుగేళ్ల కొడుకు ఒళ్లు వెచ్చగా ఉంది. వాడికి కూడా వస్తుందేమో అని ఆ పొద్దు నుంచీ భయపడుతూ ఉంది. కుండలో ఉన్నవి పన్నెండు శేర్లకు మించవు.

"అన్నీ ఎప్పుడో అయిపోయినాయి పెద్దమ్మా" అంది.

రాహేలమ్మ పోయింది. మరునాడు మధ్యాహ్నం కృపమణి చనిపోయింది.

పూడ్చిపెట్టి వచ్చిన సాయంత్రమే సంతోషమ్మ పడిపోయింది. జీవమ్మ ఇక ఆలోచించలేదు. ఉలవలు చేటలోకి ఒంపి, బియ్యం బయటికి తీసి, పెద్ద కుండలో పల్చగా గంజి కాచింది. అత్తకు రెండు గుక్కలు తాగించింది. సంతోషమ్మ కళ్లు తెరిచి కోడలి ముఖంలోకి చూసింది.

"యాడివి ఈ బియ్యం?"

"దాసిపెట్టింటి అత్తా."

సంతోషమ్మ ఇంకో గుక్క తాగింది. "మంచిపని చేసినావు" అంది. "నా చేతికి దొరికింటే ఎప్పుడో పంచేసింటాను. తక్కినోళ్లకు కూడా పొయ్యిపో."

పద్దెనిమిది రోజులు జీవమ్మ గంజి కుండ ఎత్తుకుని ఇల్లిల్లూ తిరిగింది. రోజుకు నాలుగైదు పిడికెళ్ల బియ్యం, మిగతాదంతా నీళ్లూ ఉప్పూ. ఆ గంజి తాగి లేచినవాళ్లు చాలామంది. తాగి కూడా లేవనివాళ్లు ఐదుగురు. కొడుకు ఒళ్లు రెండు రోజులు కాలి, తనంతట తానే చల్లబడింది. బియ్యం అయిపోయేటప్పటికి జ్వరం కూడా పాలెం విడిచిపోయింది. మొత్తం తొమ్మిది సమాధులు మిగిలాయి.

తర్వాతి ఆదివారం గుడిలో అందరూ కూడారు. ఉపదేశి గాబ్రియేలు ప్రార్థన చేస్తూ జీవమ్మ పేరు ఎత్తాడు. ముందుచూపుతో గింజలు దాచి పాలేన్ని కాపాడిన బిడ్డ అన్నాడు. ఆడవాళ్లు కొందరు కళ్లు తుడుచుకున్నారు. పక్కన కూర్చున్న సంతోషమ్మ కోడలి చేయి పట్టుకుంది.

జీవమ్మ చేయి విడిపించుకుని లేచి నిలబడింది. గుడిలో ఆడమనిషి లేచి మాట్లాడటం అప్పటికి అలవాటు లేదు. గాబ్రియేలు ఆగిపోయాడు.

"అయ్యగారూ, అవి మీ కోసం దాసినవి కాదు" అంది. "నా నోటి కోసం దాసుకుంటి. అత్తకు కూడా పెట్టకుండా మూడేండ్లు తింటి. కృపమణికని రాహేలు పెద్దమ్మ వచ్చి అడిగిన పొద్దు కుండలో బియ్యం ఉండె. లేవంటి."

మగవాళ్ల వైపు నుంచి లేవి లేచాడు. "నేనూ తింటి" అన్నాడు. తిరిగి కూర్చోలేదు.

అందరూ రాహేలమ్మ వైపు చూశారు. ఆమె చాప మీద తల వంచుకుని కూర్చుని ఉంది. చివరికి తల ఎత్తింది.

"నా బిడ్డకు అప్పటికే గొంతు మూసుకపోయిండె. నీళ్లే దిగలేదు. నువ్వు ఇచ్చింటే కూడా దిగేది కాదు." కొంగుతో ముఖం తుడుచుకుంది. "అయినా ఇచ్చింటే బాగుండు."

అంతే అంది. గాబ్రియేలు ప్రార్థన ముగించాడు. బయటికి వచ్చాక సంతోషమ్మ కోడలిని తిట్టలేదు. ఇంట్లోకి పోయాక, "మూడో నెలలో ఉన్నానని ఆ పొద్దే చెప్పింటే నేను నీ బువ్వ ఊరికి పంచుతునా?" అని మాత్రం అడిగింది. బిడ్డ పుట్టిన నెలను బట్టి ఏ నెలలో ఏం జరిగిందో ఆమె ఎప్పుడో లెక్క కట్టుకుని ఉంది.

ఆ ఏడు కరువులోనూ కాలువ కింద ఎంతో కొంత పండింది. ఏసేపు ముక్కాలు మూట తెచ్చాడు. జీవమ్మ ఆ మూటను అత్త ముందరే విప్పి మూడు కుప్పలు చేసింది. ఒకటి ఒక సాయంత్రం పాలెమంతా తినడానికి. ఒకటి జబ్బుపడ్డవాళ్లకు, గుడిలో ఒక పెట్టెలోని కుండలో పోసి తాళం వేయడానికి. మూడోది ఇంటికి.

సంతోషమ్మకు మూడో కుప్ప నచ్చలేదు. "అంత మాట అందరి ముందర చెప్పుకొని మళ్లా ఇదెందుకు? దేవుని పేరు చెప్పి అంతా ఇచ్చెయ్."

"ఇస్తా అత్తా. ఈ ఏడు ఇస్తా, మంచిదాన్ననిపించుకుంటా. వచ్చే ఏటికి ఆశ ఊరుకోదు, మళ్లా ఉలవల కింద దాస్తా. నాకు బువ్వంటే ఆశ. అది పోతాదని నేను అబద్ధం చెప్పలేను. నా పాలు ఇదీ అని నలుగురికీ కనపడేట్లు ఉంటే నాకు దొంగతనం అక్కర్లేదు."

సంతోషమ్మ ఆలోచించి, "అయితే ఆ కుప్పలో నాకూ భాగముండాది" అంది. ఆ తర్వాత బతికినన్నాళ్లూ ఆ భాగాన్ని తన ఇష్టం వచ్చినవాళ్లకు పంచుతూనే వచ్చింది.

గుడి కుండ తాళంచెవిని జీవమ్మ తీసుకుపోయి రాహేలమ్మకు ఇచ్చింది. రాహేలమ్మ ఆ రోజు కూర్చోమనలేదు, తాళంచెవి మాత్రం తీసుకుంది. దాదాపు ఆరేళ్లు ఇద్దరి మధ్యా మాటల్లేవు. వంకలో నీళ్లు ముంచుకునేటప్పుడు ఎదురైతే ఒకరు తల తిప్పుకునేవాళ్లు. కానీ ఎవరికి జబ్బు చేసినా రాహేలమ్మ కొలిచి ఇచ్చేది. చేయి పెట్టి చూసి, నాలుక చూసి మరీ ఇచ్చేది. ఆమెను మోసం చేయడం ఎవరి తరమూ కాలేదు.

ఒకసారి జీవమ్మ రెండో బిడ్డ, ఐదేళ్లది, కడుపునొప్పి అని మూలిగింది. జీవమ్మ తాళంచెవి కోసం రాహేలమ్మ దగ్గరికి పోయింది. రాహేలమ్మ వచ్చి ఆ పిల్ల పొట్ట అదిమి చూసింది, నుదురు చూసింది.

"ఇది నొప్పి కాదు, బువ్వ మీద ఆశ. నీ పోలికే వచ్చింది" అంది. "నీ కుప్పలోది పెట్టుకో."

జీవమ్మకు నవ్వొచ్చింది. నవ్వుతూ రాహేలమ్మ వైపు చూస్తే ఆమె కూడా ముఖం పక్కకు తిప్పుకుని నవ్వుతోంది. ఆ రోజు నుంచి మళ్లీ మాటలు కలిశాయి.

ప్రేమయ్య పోయాడు, సంతోషమ్మ పోయింది. జీవమ్మ కొడుకుకు పెళ్లయింది. ఏసేపు మాత్రం ఏటేటా, కొంచెమో గొప్పో తెస్తూనే ఉన్నాడు. కుప్పలు మూడూ అలాగే జరిగాయి. కొత్త కోడళ్లకు జీవమ్మ తానే చెప్పేది, ఆశగా ఉంటే అడుగు, దాచుకోవద్దు అని. కొందరు అడిగేవాళ్లు. అడిగితే కొందరికి ఇచ్చేది, కొందరికి, "ఇది నా పాలు, నేను తినాల" అని మొహం మీదే చెప్పేది. దానికి పిసినారి అన్నవాళ్లూ ఉన్నారు.

యుద్ధం రోజుల్లో బియ్యం ఒకచోటి నుంచి ఒకచోటికి తీసుకుపోవడానికి సర్కారు కట్టుబాట్లు వచ్చాయి. 1944లో ముసలి ఏసేపు తువ్వాలులో నాలుగు శేర్లు కట్టుకుని కర్నూలు నుంచి నడిచి వచ్చాడు. ఆ ఏడు పాలెం భోజనం మానేద్దామని పెద్దలే అన్నారు. అంతా జబ్బుల కుండకే పోనియ్ అని కోడలు కూడా అంది. జీవమ్మ మూడు శేర్లు గుడి కుండలో పోసింది. ఒక శేరు అట్టిపెట్టుకుంది.

మరునాడు ఎండ బాగా ఎక్కాక ఆ శేరూ వండింది. రాహేలమ్మను పిలిపించింది. అప్పటికి రాహేలమ్మకు డెబ్బై దాటాయి, నోట్లో పళ్లు లేవు. వాకిట్లో చాప వేసి ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. పప్పు లేదు, ఊరిబిండి పచ్చడీ మజ్జిగా ఉన్నాయి.

కోడలు లోపలి నుంచి గుసగుసగా, "అందరూ చూస్తాండారు అత్తా. లోపలికొచ్చి తినండి" అంది.

"చూడనీ" అంది జీవమ్మ. "నువ్వు కూడా పళ్లెం తెచ్చుకో, ఒక గరిటె పెడతా."

కోడలు రాలేదు. ఆడవాళ్లిద్దరూ నిదానంగా కుండ అడుగంటిన మాడు కూడా గీకి తిన్నారు. రాహేలమ్మ వేళ్లు నాకి, చెంబుతో చేయి కడుక్కుంది.

"బాగుండాది" అంది. "ఇంకొంచెముంటే తినింటా."

"నేనూ తినింటా" అంది జీవమ్మ.

కాసేపు ఎండలోనే కూర్చున్నారు. తర్వాత కళ్లంలో జొన్న కంకులు ఆరబోసినవి గుర్తొచ్చి, పశువులు పడతాయని, ఇద్దరూ చేతికర్రలు పట్టుకుని అటు పోయారు.