తాడు పట్టినవారి వాటా

నిన్న సాయంత్రం చాలా రోజుల తరవాత పాత కంప్యూటర్‌లో సీడీ పెట్టాను. పళ్ళెం లోపలికి వెళ్ళాక సీడీ గొంతు సవరించుకున్నట్టు కాసేపు గురగురలాడి, ఆపైన సన్నగా ఈల వేస్తూ తిరగసాగింది. ఆ చప్పుడు చెవిన పడగానే పోలారావు మాస్టారు గుర్తొచ్చారు. మీరెవరూ ఆయన్ని చూసి ఉండరు. ఫ్లాపీలు ఇంకా వాడుకలో ఉన్న రోజుల్లో టెక్కలిలో ఒక కిరాణా కొట్టు పైన రెండు గదుల్లో కంప్యూటర్ శిక్షణ కేంద్రం నడిపేవారు. పొడగరి. తెల్లచొక్కా చేతులు ఎప్పుడూ మోచేతుల దాకా మడిచి ఉండేవి. నేను టైపు నేర్చుకున్నది ఆయన దగ్గరే.

మా కొబ్బరితోటలున్న ఉద్దానం ప్రాంతంలో ఒకప్పుడు మా తాతగారి పేరు చెబితే బండ్లు పక్కకు తప్పుకునేవట. నా కాలానికి తోటలన్నీ చేతులు మారాయి. పేరు మిగిలింది, టెక్కలిలో పెంకుటిల్లు మిగిలింది, ఆ ఇంట్లో అమ్మా నేనూ మిగిలాం. చివరి కొబ్బరితోట అమ్మి, బాకీలు తీర్చగా ఉన్నదాంతో ఒక పాత కంప్యూటర్ కొన్నాను. ఒకరి కొట్లో గుమస్తాగా కూర్చోవడానికి నాకు మనసొప్పలేదు. పలాసలో ఒక జీడిపప్పు వ్యాపారి తన ఉత్తరాలు, ధరల పట్టికలు ఇంటి దగ్గరే టైపు చేసి పంపితే పని ఇస్తానన్నాడు. మా ఇద్దరి తిండికీ అదే ఆధారం కావాలి. తీరా చూస్తే ఆ కంప్యూటర్‌లో ఉత్తరం రాసుకునే సాఫ్ట్‌వేరే లేదు. కొందామంటే దాని ధర కంప్యూటర్ ధరను మించి ఉంది. కంప్యూటర్ అమ్మిన కుర్రాడు పేరు లేని సీడీ ఒకటి తీసి చూపించాడు.

“అందరూ ఇదే యేసుకుంతన్నారు మేడమ్. కలెక్టరొచ్చి సూత్తాడేటి?”

“దొంగసొత్తు మా గడప దాటి లోపలికి రాదు,” అన్నాను. మాట గొప్పగానే ఉంది. ఇంటికొచ్చి కంప్యూటర్ మీద దుప్పటి కప్పాను.

సంగతి విని పోలారావు మాస్టారు కబురు పెట్టారు. ఏదో కంప్యూటర్ పత్రికతో పాటు వచ్చిన సీడీ నా ముందు పెట్టారు. ఓపెన్ ఆఫీస్ అట. “ఇది దొంగది కాదమ్మా. రాసినోల్లే వొదిలీసినారు. ఉత్తరాలు, లెక్కలు, అన్నీ అవుతాయి. ఎంతమంది యేసుకున్నా తప్పు నేదు.”

“ఊరికేనా?”

“ఊరికే.”

ఆ మాట నాకు గుచ్చుకుంది. సీడీ అక్కడే వదిలేసి వచ్చాను. మర్నాడు అమ్మ పెళ్ళినాటి వెండి గిన్నె తీసుకెళ్ళి ఆయన బల్లమీద పెట్టి, మా ఇంట్లో ఊరికే తీసుకునే అలవాటు లేదని చెప్పాను. నవ్వుతారేమోనని మొహంలోకి చూశాను. నవ్వలేదు. “గిన్ని ఇంటికి అట్టుకెల్లిపోండి. ఆదివారం మావూరు రండి. సీడీ సంగతి అక్కడ మాటాడుదుం,” అన్నారు.

ఆయనది సంతబొమ్మాళి వైపు సముద్రం ఒడ్డున చిన్న ఊరు. నేను వెళ్ళేసరికి పెద్దవల ఒడ్డుకు లాగుతున్నారు. రెండు తాళ్ళు, ఒక్కో తాడుకీ బారుగా మనుషులు. మాస్టారు చెప్పులు విప్పి వాళ్ళలో కలిసిపోయారు. నేను చీర కొంగు బిగించుకుని దూరంగా నిలబడ్డాను. మాస్టారి ముసలితల్లి తాడు వదలకుండానే తల తిప్పింది.

“ఏటి పాపా, సరుగుడు సెట్టులాగ అలా నిలబడిపోనావు? రా, తాడట్టు.”

పట్టుకున్నాను. తడిసిన తాడు అరచేతులు కోసేస్తోంది.

“నడుం వొంచాలి. ఒంగితే ఇరిగిపోదులే,” అంది ముసలమ్మ. అందరూ నవ్వారు. ఎందుకో, నాకూ నవ్వొచ్చింది.

వల ఒడ్డెక్కాక చేపలు ఇసకమీద కుప్పలు పోశారు. తాడు పట్టిన ప్రతివారికీ వాటా ఉంది. నా ముందు కూడా గుప్పెడు నెత్తళ్ళు పడ్డాయి. “నాకెందుకు, వద్దు,” అన్నాను.

ముసలమ్మ మొహంలో నవ్వు పోయింది. “వొద్దంటే ఏటి? తాడట్టినావు గదా. వాటా వొదిలీసి పోతే మమ్మల్ని తక్కువ సేసినట్టు.”

అంతవరకూ కాదనడంలోనే నా గౌరవం ఉందనుకున్నాను. ఆ కాదనడం అవతలివాళ్ళకు ఎలా తగులుతుందో నాకెవరూ చెప్పలేదు. కొంగు పట్టాను. బస్సు దగ్గర మాస్టారు సీడీ నా చేతికిచ్చి, “ఇదీ అలాటిదేనమ్మా. ఎక్కడెక్కడోల్లో కలిసి లాగినారు. మీకు వొచ్చింది ఇంకోలికి నేర్పండి, అదే మీ లాగుడు,” అన్నారు.

మొదటి విడత ఉత్తరాలు ఫ్లాపీలో పెట్టి పలాస పంపాను. సాయంత్రానికి వ్యాపారి ఫోను చేశాడు. “ఇదేటమ్మా, అచ్చరాలు గవ్వలు సల్లినట్టున్నాయి. రేపటికి సరిగ్గా రాకపోతే ఇంకోలికి ఇచ్చీత్తాను.”

కబురందగానే మాస్టారు మా ఇంటికొచ్చారు. అమ్మ ఎవరబ్బాయివని అడిగింది. “రేవోలమమ్మా. మా నాన్న మీ ఈదిలోనే ఎండుసేపలమ్మీవోడు,” అన్నారు, ఊరి పేరు చెప్పినంత తేలిగ్గా. అమ్మ ఒక్క క్షణం ఆగి, లోపలికి వెళ్ళి టీ పెట్టుకొచ్చింది. నేను లేచి కుర్చీ చూపించాను. ఆయన కూర్చోలేదు. నన్నే కూర్చోమని, చేతులు వెనక్కి కట్టుకుని కుర్చీ వెనక నిలబడ్డారు.

“మీరే చేసిపెట్టండి మాస్టారూ, టైము లేదు,” అన్నాను.

“నాను సేత్తే ఈ రోజుకి అవుద్ది. మరి రేపో? సేవ్ యాజ్ నొక్కండి. కింద ఫైలు రకాలు సూడండి. ఆ వ్యాపారి కంప్యూటర్‌కి తెలిసిన రకమేదో మీరే ఏరండి.”

తడబడ్డాను, తప్పు నొక్కాను, మళ్ళీ మొదలుపెట్టాను. ఆయన చెయ్యి ఒక్కసారి కూడా మౌస్ మీదికి రాలేదు. మర్నాడు పలాసలో ఉత్తరాలు తెరుచుకున్నాయి. ఆ పనితోనే అమ్మా నేనూ చాలా ఏళ్ళు ఎవరి ముందూ చెయ్యి చాచకుండా బతికాం.

తరవాత మా హాల్లోకి చాలామంది వచ్చారు. కంచిలి నుంచి, కవిటి నుంచి, రేవు ఊళ్ళ నుంచి. ఒక్కొక్కరూ ఆ కుర్చీలో కూర్చుని, తడబడి, నేర్చుకుని వెళ్ళారు. ఇదే హాల్లో ఒకనాడు మా తాతగారు కూర్చుంటే, పనికోసం వచ్చినవాళ్ళు ఆయన కుర్చీ వెనక చేతులు కట్టుకుని నిలబడేవారట. ఇప్పుడు అలా నిలబడేది నేను. ముసలమ్మ అన్నట్టే ఒంగితే విరగలేదు, నా నడుం ఇప్పటికీ నిటారుగానే ఉంటుంది.