అత్తగారి పొయ్యికి నాలుగు ఎంఎం వైరు

నిరుడు మామగారి తద్దినం నాడు మా ఇంట్లో గారెలు బయటినుంచి వచ్చాయి. ఈ సంగతి మా అత్తగారి వైపు చుట్టాల దగ్గర ఇప్పటికీ ఎత్తకూడదు.

జరిగింది ఇది. నిజాంపేటలో మాది ఇరవై ఏళ్ళ నాటి అపార్టుమెంటు. వంటింటి గ్యాసు పొయ్యి మీద మా ఆయన ఆదివారాలు ఆమ్లెట్ వేసుకుంటారు కాబట్టి తద్దినం వంటకి అది పనికిరాదు. అందుకని వంటింటి వెనక అంట్లు తోముకునే చిన్న బాల్కనీలో, అత్తగారు కరెంటు కాయిలు పొయ్యి ఒకటి పెట్టుకుని, మడికట్టుకుని, ఇత్తడి గిన్నెల్లో ఆ వంటంతా ఒక్కరే చేస్తారు. ఆ పొయ్యికి కరెంటు ఫ్రిజ్ ప్లగ్గు దగ్గర్నుంచి ఎక్స్‌టెన్షన్ బాక్సుతో వెళ్ళేది. నిరుడు రెండో వాయి గారెలు నూనెలో ఉండగా కాలిన వాసన వచ్చింది. చూస్తే గోడకున్న ప్లగ్గు కరిగి నల్లబడిపోయింది, ఇల్లంతా కరెంటు పోయింది. అవతల హాల్లో పురోహితుడుగారు, భోక్తలు ఎదురుచూస్తున్నారు. మా ఆయన పరుగున వెళ్ళి మడివంట చేసిచ్చేవాళ్ళ దగ్గర గారెలు కొనుక్కొచ్చారు.

అత్తగారు సాయంత్రం ఆ సగం వేగిన గారెల్ని కవర్లో కడుతూ, "కొన్న గారెలు పెట్టాను ఆయనకి" అన్నారు, అంతే. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి. ఆ మాటకి నా ప్రాణం ఉసూరుమంది. వచ్చే ఏడు ఆవిడ చేతి గారెలే పెట్టాలి, అందుకు ఆ వైరింగు మార్పించి తీరాలి అని అప్పుడే అనుకున్నాను. అనుకోవడానికి ఒక్క నిమిషం పట్టింది, కదలడానికి పదకొండు నెలలు పట్టింది.

నిజం చెప్పొద్దూ, ఆ పొయ్యికీ నాకూ పాత పేచీ ఉంది. నేను కాపురానికొచ్చిన మొదటి ఏడు, సాయం చేద్దామని మామూలు చీరతో వెళ్ళి గరిటె ముట్టుకున్నాను. అత్తగారు వండిందంతా అవతల పెట్టేసి మళ్ళీ మొదట్నుంచీ మొదలుపెట్టారు. ఆ తరవాత ఆవిడ పిలవలేదు, నేను అడగలేదు. అలా పంతొమ్మిదేళ్ళు గడిచాయి. తద్దినం నాడు గుమ్మం ఇవతల నిలబడి ఏదన్నా అందించబోయినా "దూరం, దూరం" అంటారు. నాకు ఒళ్ళు మండేది. లింగంపల్లిలో మా ఆఫీసులో నలుగురు నా మాట వింటారు కదా, ఇంట్లో గారె తిప్పడానికి మాత్రం పనికిరానా అని.

సరే, ఈసారి తద్దినం నెల రోజులుందనగా మా ఆయన కంప్యూటరు ముందు కూర్చున్నారు. హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేరు ఉద్యోగం. కొబ్బరికాయ కొనాలన్నా ఆయనకి ఎక్సెల్ షీటు కావాలి. వంటింట్లో కరెంటుతో నడిచేవన్నీ రాశారు. ఫ్రిజ్జు, మిక్సీ, గ్రైండరు, ఓవెను, నీళ్ళ ఫిల్టరు, ఆఖరికి దోమల బ్యాటు కూడా. లెక్క తేల్చారు. రెండున్నర ఎంఎం వైరు చాలు, గోడ పగలగొట్టకుండా పైనుంచే ప్లాస్టిక్ పట్టీలో లాగితే ఒక్క పూట పని, ఖర్చు తక్కువ. నేనూ సరేనన్నాను. గోడ కొడితే టైల్స్ పోతాయి, ఆ డిజైను ఇప్పుడు దొరకదు. కూకట్‌పల్లి అంతా తిరిగి నేను ఏరుకున్న టైల్స్ అవి.

ఎలక్ట్రీషియన్‌ది పాలమూరు వైపు. యాభై దాటినవాడు, బామ్మర్దిని వెంటేసుకుని వచ్చాడు. మా ఆయన ఆ షీటు ప్రింటు తీసి మరీ చేతికిచ్చారు. అతను చదివాడు, వెనక్కి తిప్పి చూశాడు, మళ్ళీ చదివాడు.

"సార్, ఏం పెడితే ప్లగ్గు కాలిందన్నరు?"

"మా అమ్మ కాయిలు పొయ్యి."

"గా పొయ్యి ఇందుల లేదే."

మా ఆయన మొహం అప్పుడు చూడాలి. ఆ పొయ్యి ఏడాదికి ఒక్కరోజు అటక దిగుతుంది. మిగతా రోజులన్నీ మామగారి పాత పంచెలో చుట్టి ఉంటుంది, అత్తగారు తప్ప ఇంకెవరూ తాకకూడదు. తాకకూడదు, తాకకూడదు అనుకుంటూ మేము దాన్ని ఇంట్లో వస్తువుగా లెక్కవెయ్యడమే మానేశాం. దేనికోసం ఈ తతంగమంతా మొదలైందో అదొక్కటీ వదిలేసి, దోమల బ్యాటు రాశారు మహానుభావుడు. నేను పగలబడి నవ్వాను గానీ, ఆ షీటు చూసి సరేనన్నదాన్ని నేనే కదా.

అతను బాల్కనీలోకి వెళ్ళి కొలతలు తీసుకుని, అక్కడే కూర్చున్న అత్తగారితో చాలాసేపు మాట్లాడి వచ్చాడు.

"మేడం, గా పొయ్యి రెండు వేల వాట్లు. మెయిన్ బోర్డు నుంచి దానికి సపరేట్ లైను కావాలె. నాలుగు ఎంఎం వైరు ఎయ్యాలె."

"ఏడాదికి ఒక్కరోజు వెలిగే పొయ్యికి అంత లావు వైరెందుకయ్యా?" అన్నాను. బేరం దగ్గర నేను ఊరుకునే మనిషిని కాను.

"జర ఇనుండ్రి. గోడ కొట్టి పైపు ఏసేటందుకు రెండు దినాలు. సన్న వైరుకైనా గంతే, లావు వైరుకైనా గంతే. పైపు గదే, సిమెంటు గదే, మా కూలి గదే. మీకు మిగిలేది వైరు తేడా ఒక్కటే. రేపు సాలకుంటే మల్ల గోడ కొట్టాలె, మల్ల మా కూలి ఇయ్యాలె."

"పట్టీలో లాగితే గోడ కొట్టే పనే ఉండదుగా?"

"అంట్లు తోమే జాగ మేడం అది. నీళ్ళు చిందుతయి. పట్టీలకు నీళ్ళు పోతే? అమ్మ తడిచీరతోని నిలబడ్తదంట గద అక్కడ."

తడిచీర అన్నచోట నా బేరం ఆగిపోయింది. నేను టైల్స్ గురించి ఆలోచిస్తున్నాను, పరాయి మనిషి ఆవిడ ఒంటిమీది తడి గురించి ఆలోచిస్తున్నాడు. సిగ్గేసింది. తడి తగిలితే టక్కున పడిపోయే స్విచ్చు కూడా ఒకటి పెడతానంటే, దాని ధర అడక్కుండానే పెట్టమన్నాను. మా ఆయన నా వంక వింతగా చూశారు.

మర్నాడు పొద్దున్నే అతనితో షాపుకి నేనే వెళ్ళాను. కౌంటరు మీద రెండు వైరు ముక్కలు పెట్టారు. రెండున్నరది నా వేలికి ఇట్టే చుట్టుకుంది. నాలుగుది సగం వంగి మొండికేసింది. మా అత్తగారు గుర్తొచ్చారు. లావుదే ఇమ్మన్నాను. తీరా చూస్తే ఎలక్ట్రీషియన్ నిన్నటి కొలతకి రెట్టింపు కోయించాడు.

"ఇంతెందుకు?" అన్నాను.

"పడ్తది మేడం" అన్నాడు, నా మొహం చూడకుండా.

రెండు రోజులు ఇంట్లో కట్టరు మోత, దుమ్ము. బావా బామ్మర్దులు పైపుకి చెరో చివర నిలబడి "గుంజు", "ఆగు" అని అరుచుకుంటూ వైరు లాగారు. రెండో రోజు ఆఫీసు నుంచి వచ్చి చూద్దును కదా, బాల్కనీ గోడకి ఒకటి కాదు, రెండు పెద్ద ప్లగ్గులు. అరికాలి మంట నెత్తికెక్కింది.

"రెండెందుకు పెట్టావు?"

"అమ్మ జెప్పింది మేడం. గోడ ఎట్లాగు కొడ్తున్నరు, అదే పైపుల రెండో లైను గుంజితే కూలి పెరగది గదా నాయనా అన్నది. నా మాట నాకే జెప్పింది, నేనేమంట?"

అత్తగారి దగ్గరికి వెళ్ళాను. "ఉన్నది ఒక్క పొయ్యి. రెండో ప్లగ్గుతో ఏం చేసుకుంటారు అత్తయ్యగారూ?"

"ఉండనీ అమ్మాయ్."

"నన్నొక మాట అడగొచ్చుగా?"

"అడిగితే వద్దంటావు" అన్నారు. నిజమే, అనేదాన్నే. అయినా నాలుగు రోజులు మూతి ముడుచుకునే తిరిగాను. పగిలిన టైల్స్ చోట తెల్ల సిమెంటు పూత కనిపించినప్పుడల్లా కడుపు మండేది.

తద్దినం రోజు వచ్చింది. సెలవు పెట్టి, ఎప్పట్లాగే గుమ్మం ఇవతల నిలబడ్డాను. అత్తగారు పిండి గిన్నె ముందు పెట్టుకుని కూర్చున్నారు. పొయ్యి ఎర్రబడింది. నా కళ్ళు ఆ ప్లగ్గు మీదే ఉన్నాయి. పొగ లేదు, వాసన లేదు. హమ్మయ్య అనుకున్నాను.

ఆవిడ నా వైపు తిరగకుండానే అన్నారు. "నెత్తిమీద నీళ్ళు పోసుకుని రా. దండెం మీద రెండు చీరలు ఆరేశాను. రెండోది నీది."

విన్నది నిజమేనా అనుకుంటూనే స్నానానికి పరుగెత్తాను.

మడిచీర కట్టుకుని వచ్చేసరికి రెండో ప్లగ్గుకి ఇంకో కాయిలు పొయ్యి ఉంది. కొత్తది. పింఛను డబ్బులిచ్చి ఎలక్ట్రీషియన్ చేతే తెప్పించి దాచారట. దాని మీద మూకుడు, మూకుట్లో నూనె, ముందు నాకొక పీట.

"నా చేతులు వణుకుతున్నాయి ఈ మధ్య. నేను పోయాక ఆయనకి గారెలు ఎవరు పెడతారు, ఆ ఆమ్లెట్లవాడా?" అన్నారు. "ఒక్క పొయ్యి దగ్గర ఇద్దరం కూర్చుంటే నిన్ను కసురుకుంటూనే ఉంటాను. నా సంగతి నాకు తెలుసు. అందుకే నీది నీకు."

నాకు ఏడుపొచ్చింది. మడిలో కన్నీళ్ళు తుడుచుకోవచ్చో లేదో తెలియదు, తెలియక తుడుచుకోలేదు. తడిచేసిన ఆకు మీద పిండి తట్టి నూనెలో వదిలాను. లావు వైరు మీద వచ్చే కరెంటు కదా, నూనె నేననుకున్నదానికన్నా ముందే కాగిపోయి ఉంది. నా మొదటి గారె మాడింది.

అత్తగారు తన గరిటె చాపి దాన్ని తీసి, విడిగా ఒక ఆకులో పెట్టారు.

"కంగారుపడకు. ఇది ఆయనకి కాదులే" అన్నారు. "భోక్తలు లేచాక నేను తింటాను."