కరీంనగర్ కంటే దగ్గరైన దుబాయి

మా బావ దుబాయి విమానమెక్కిన రోజు బెల్లంపల్లిలోని గడియారాలన్నీ మా అక్క చూపులకే అరిగిపోయాయి. ఫోను రావాల్సింది మందుల దుకాణానికి. దిగగానే చేస్తానని బావ మాటిచ్చాడు. పొద్దుటినుంచి దుకాణం ముందు అక్క ఏడు మైళ్లు నడిచింది. అక్కడున్న జాగా ఏడడుగులే.

అక్కకు ధైర్యం చెప్పే పని నాది. బళ్లో లెక్కలు చెప్పేవాణ్ణి కనక భూమ్మీది సమస్త దూరాలకూ నేనే అధికారిని. విమానం బొంబాయిలో పదింటికి లేచి దుబాయిలో పదకొండున్నరకు దిగుతుందని టికెట్ చూసి బావ ఉత్తరం రాశాడు. ఇంకేం, పదకొండున్నరలోంచి పది తీసేశాను.

"గంటన్నరే అక్కా! కరీంనగర్ పోవాల్నంటే బస్సుల మూడున్నర గంటలు. గీ లెక్కన దుబాయే దగ్గర. బావ బువ్వకొచ్చి పోవచ్చు."

అట్లాసు మీద దారం పెట్టి కొలిస్తే మాత్రం వెయ్యి మైళ్లు దాటింది. గంటన్నరలో అంత దూరమా అని ఒక్క క్షణం అనుమానం వచ్చింది. తప్పు దారానిదేనని తేల్చేశాను.

పన్నెండయింది. ఫోను లేదు. ఒంటిగంటయింది. లేదు.

అప్పుడొచ్చాడు అక్క మామగారు. ముప్పై ఏళ్లు బొగ్గుగనిలో పనిచేసిన మనిషి. గనిలోకి దిగే ప్రతివాడూ దీపం తీసుకుని దిగుతాడు, పైకొచ్చి అప్పగిస్తాడు. షిఫ్టు అయిపోయినా దీపం రాలేదంటే ఇంట్లోవాళ్లు గని దారి పడతారు. వేరే కబురు అక్కర్లేదు. దిగినవాళ్లందరి దీపాలూ వచ్చాయన్న మాట వినేదాకా అక్కణ్ణుంచి ఎవరూ కదలరు.

"సారూ, ఇమానం దిగినోళ్లు దీపం ఏడ అప్పజెప్తరు?" అన్నాడు నాతో.

"దీపముండదు మామా, పాసుపోర్టు మీద ముద్దరేస్తరు."

"మరి ముద్దర పడ్డదో లేదో ఎవల్నడగాలె?"

అక్క మొహం సున్నం కొట్టినట్టయింది. మందుల దుకాణమాయన "ఫికర్ చెయ్యకమ్మా" అంటూనే తలనొప్పి మాత్ర తనే మింగాడు. మామ నిలబడ్డాడని దారిన పోయేవాళ్లు నిలబడ్డారు. షిఫ్టు దిగినవాళ్లు ఇళ్లకు పోకుండా ఇటొచ్చారు. సగం బెల్లంపల్లి అక్కడే ఉంది. మిగతా సగం దారిలో ఉంది.

మూడింటికి ఫోను మోగింది. అక్క లాక్కుంది.

"ఇంతసేపేంది? ఏమాయె?... ఆఁ? ఒకటిన్నరా? మూడైతుంటే ఒకటిన్నర అంటవేంది? తలకాయకేమన్న తాకిందా? నిజం చెప్పు, ఇమానం పడ్డదా?"

నాకు అప్పుడు వెలిగింది. టికెట్ మీద లేచే టైము బొంబాయిది, దిగే టైము దుబాయిది. అక్కడి గడియారం మనకంటే గంటన్నర వెనక. ప్రయాణం మూడు గంటలు. ఆ ముక్క చెప్పగానే అక్క నావైపు చూసింది. ఆ చూపుకు ఇప్పటికీ నాకు వేసవిలో చలేస్తుంది.

ఇంతలో మామ ఫోను అందుకున్నాడు. బాగున్నావా అనలేదు, తిన్నావా అనలేదు.

"ఎంతమంది ఎక్కిండ్రు కొడుకా? అందరు దిగిండ్రా?"

"అందరం దిగినం బాపూ." బయటిదాకా వినపడింది.

మామ జనంవైపు తిరిగి, గనిమీద నిలబడి చెప్పినట్టు గట్టిగా చెప్పాడు. "అందరు దిగిండ్రట."

ఆ మాట విన్నాకే జనం ఇళ్లకు కదిలారు.