మైనస్ పదకొండున్నరకు పలచటి అద్దాలు

నా కళ్లద్దాలు కింద పడి విరగలేదు, ఎవరూ తొక్కలేదు. వాటి బరువుకు అవే విరిగాయి. డ్యూటీలో తల వంచి సీసాల లేబుళ్లు చూస్తున్నాను. టక్కుమని చిన్న చప్పుడైంది. ముక్కు మీద ఉండే కడ్డీ దగ్గర ఫ్రేము రెండు ముక్కలైంది. కుడి అద్దం ఒళ్లో పడింది, ఎడమది చెవికి వేలాడుతూ ఉండిపోయింది.

నాకు రెండు కళ్లకూ మైనస్ పదకొండున్నర. అద్దాలు తీసి చెయ్యి చాచితే నా వేళ్లు నాకే ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి కనిపిస్తాయి. బడిలో అందరూ సోడాబుడ్డి అన్నారు. పెళ్లిచూపులకు మా అమ్మ అద్దాలు తీయించి కూర్చోబెట్టింది. ఆ రోజు పెళ్లికొడుకు అనుకుని నేను తలెత్తి చూసింది వాళ్ల చిన్నాయనను. ఆ సంగతి మా ఆయన ఇప్పటికీ చుట్టాలందరికీ చెబుతాడు.

నాచారంలో మందులు ప్యాక్ చేసే కంపెనీలో నాది లేబుల్ చెకింగ్ పని. బ్యాచ్ నంబరు సగం పడ్డవి, తేదీ చెరిగినవి ఏరి పక్కన పెట్టాలి. విరిగిన ఫ్రేముకు టేపు చుట్టుకుని రెండు రోజులు నెట్టుకొచ్చాను. టేపు మెత్తబడేసరికి ఒక అద్దం పైకి, ఒకటి కిందికి. ఒక సీసా రెండు సీసాలుగా కనిపించేది. మూడో రోజు సూపర్‌వైజర్ వచ్చి నిలబడ్డాడు. మా తమ్ముడి వయసు ఉంటుంది.

"అక్కా, అద్దాలు మంచిగ జేయించుకునేదాంక నువ్వు డబ్బాల కాడ ఉండు. ఒక్క సీసా తప్పు పోయినా నా నౌకరి పోతది" అన్నాడు.

అతను అన్నదాంట్లో తప్పు లేదు. అందుకే కోపం కూడా తెచ్చుకోలేకపోయాను. పదకొండేళ్లు కూర్చుని చేసిన పని వదిలేసి, పొద్దంతా నిలబడి అట్టడబ్బాలకు టేపు వేసే చోటికి వెళ్లాను.

ఆ ఆదివారం ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర ఒక కళ్లద్దాల దుకాణానికి మా ఆయన, నేను వెళ్లాం. అక్కడి అమ్మాయి అరచేయంత పెద్ద ఫ్రేములు వరసగా పెట్టి, ఇప్పుడు నడిచేవి ఇవేనంది. ఒకటి పెట్టి అద్దం ముందు నిలబెట్టి, సూపర్ ఉంది మేడం, చూసుకోండి అంది. అందులో నాకు కనిపించింది మసక మసకగా ఒక ముద్ద, దాని మీద నల్లటి గీత. నాకు కనపడడం లేదమ్మా అన్నాను. ఆ పిల్ల అద్దాన్ని జానెడు దగ్గరికి జరిపింది. నేను ముక్కు అద్దానికి ఆనించి చూస్తే ఒక్క కన్నే కనిపించింది. కళ్లద్దాలు కొనాలంటే ముందు కళ్లద్దాలు ఉండాలి. ఈ సంగతి ఏ దుకాణదారుకూ ముప్పై ఏళ్లుగా తట్టలేదు. చివరికి మా ఆయన ఫోనులో ఫొటో తీస్తే, దాన్ని కంటికి ఆనించుకుని చూసుకున్నాను. బాగానే ఉందనిపించింది. కానీ పలచటి అద్దాలకు దుకాణం ఓనర్ చెప్పిన ధర బాగా లేదు. ఇంకో నాలుగు చోట్ల అడిగి వస్తామని లేచాం.

హబ్సిగూడలో ఏసీ దుకాణం. కుర్చీలో కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చారు. అన్నిటికన్నా పలచటి అద్దం వన్ సెవెన్ ఫోర్ అని, అదైతేనే మీ పవర్‌కు న్యాయం జరుగుతుందని అన్నారు. ధర నా నెల జీతం దాటింది. కంప్యూటర్ వెలుగు పడకుండా పైన ఇంకో పూత వేయమంటారా అని కౌంటర్ దగ్గరి అబ్బాయి అడిగాడు. నేను చూసేది సీసాలను అన్నాను. అయినా సెల్‌ఫోన్ చూస్తారు కదా అన్నాడు. మంచినీళ్లు తాగేసి బయటపడ్డాం.

ఏఎస్ రావు నగర్‌లో పలచటి అద్దాలు సగం ధరకే అని పెద్ద బోర్డు ఉందని డబ్బాల దగ్గర ఎవరో చెప్పారు. డ్యూటీ దిగి షేర్ ఆటోలో అక్కడిదాకా వెళ్తే, ఆ ఆఫరు మైనస్ ఆరు వరకే అన్నారు. ఆరు ఉన్నవాళ్లకు పలచటి అద్దం ఎందుకు? ఆ మాట పైకే అన్నాను. అతను నవ్వాడు. ఆన్‌లైన్‌లో చవక అని మా ఆయన ఫోను పట్టుకుని కూర్చుంటే, అందులో నంబరు మైనస్ ఎనిమిది దాటి కిందికి జరగలేదు. ఎంత గీకినా ఎనిమిదే. నాలాంటి వాళ్లు భూమ్మీద లేరనుకున్నారేమో.

తిరిగి తిరిగి మళ్లీ ఉప్పల్ దుకాణానికే వచ్చాం. బేరమాడితే ఓనర్ కాస్త దిగి, వన్ సెవెన్ ఫోర్ తర్వాత పలచటిదైన వన్ సిక్స్ సెవెన్ అద్దం ఫ్రేముతో కలిపి ఏడు వేలకు వేసిస్తానన్నాడు. మొత్తం ముందే కట్టించుకున్నాడు. ఆ పెద్ద ఫ్రేములోనే. పది రోజుల తర్వాత ఇచ్చాడు. చేతిలోకి తీసుకోగానే నా మనసు చివుక్కుమంది. అంచులు బొటనవేలంత మందం. ఇదేంటి అంటే తల అడ్డంగా ఊపాడు.

"మీ పవర్‌కు గింతకన్న పలచగ రాదు మేడం. ఎవరేసినా గింతే."

రెండు రోజులకే ముక్కుకు రెండు వైపులా పుండ్లు పడ్డాయి. మా ఆయన పాతవీ కొత్తవీ మా గల్లీ కిరాణా దుకాణానికి పట్టుకెళ్లి కాంటా మీద పెట్టించాడు. కొత్తవే ఎక్కువ తూగాయి. కిరాణా ఆయన నవ్వు ఆపుకోలేక, బంగారం పెట్టి చేయించారా అని అడిగాడట. వాటితో చెకింగ్ టేబుల్ దగ్గరికి వెళ్లాను కానీ, తల వంచితే జారుతున్నాయి. ఒక చేత్తో అద్దాలు, ఇంకో చేత్తో సీసా. సూపర్‌వైజర్ ఏమీ అనక ముందే నేనే డబ్బాల దగ్గరికి తిరిగి వెళ్లాను.

డబ్బాల దగ్గర నా పక్కన నిలబడే ఆమె నా ముక్కు చూసి, వాళ్ల చర్చికి వచ్చే ఒక పెద్దమ్మ అద్దాలు కోసే పని చేస్తుందని, చుట్టుపక్కల దుకాణాల పని ఆమె దగ్గరికే వస్తుందని చెప్పింది. సాయంత్రం నన్ను అక్కడికి తీసుకెళ్లింది. నాచారం లోపలి గల్లీలో మేడ మీద ఒక్క గది. రెండు మెషిన్లు, కింద బక్కెట్లో తెల్లటి బురదనీళ్లు. యాభై దాటిన మనిషి, చీర మీద మగవాళ్ల చొక్కా వేసుకుని కూర్చుని ఉంది. నా అద్దాలు తీసుకుని అంచు మీద గోరు ఆడించి, ట్యూబులైటు కింద పట్టి, కొలిచింది.

"గిది వన్ ఫిఫ్టీ సిక్సే బిడ్డా. మామూలు అద్దం" అంది.

నేను ఏడు వేలు అన్నాను. ఆమె వినిపించుకోలేదు. ఫ్రేమును తిప్పి తిప్పి చూస్తోంది.

"ఆడు మోసం జేసిండు, నిజమే. గని గింత పెద్ద ఫ్రేముల మంచి అద్దమేసినా గోడ లెక్కనే ఉంటది. నీకు గీ ఫ్రేము ఎవరియ్యమన్నరు?"

మైనస్ అద్దం నడుమ పలచగా, అంచుల్లో మందంగా ఉంటుందని, ఫ్రేము ఎంత చిన్నదైతే ఆ మందం అంత కోతకు పోతుందని, కంటి నల్లగుడ్డు సరిగ్గా ఫ్రేము గుండ్రం నడుమకు రావాలని ఆమె ఒక పాత అద్దం చేతికిచ్చి చూపించింది. వేలితో తడిమితే అర్థమైపోయింది. నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. తొమ్మిదో ఏట నుంచి అద్దాలు పెట్టుకుంటున్నాను. ఎంతమంది డాక్టర్లు, ఎన్ని దుకాణాలు. ముఖం మీద ఇంత బరువు మోసే మనిషికి చిన్న ఫ్రేము తీసుకోమని ఒక్కరూ చెప్పలేదు. పైగా పెద్దదైతే అద్దం మందం కనపడదని చెప్పినవాళ్లు ఉన్నారు.

అద్దం ఏ రకమో అది వచ్చిన కాగితం కవరు మీద అచ్చువేసి ఉంటుందని, ఆ కవరు అడగమని ఆమె చెప్పి పంపింది. మర్నాడు ఉప్పల్ వెళ్లి అడిగాను. కవర్లు పారేస్తామన్నాడు. వన్ ఫిఫ్టీ సిక్స్ వేశారు కదా అంటే, పనివాళ్లు పొరపాటు చేసి ఉంటారన్నాడు. డబ్బులు ఇవ్వమంటే, డబ్బులు వాపసు లేవు, కావాలంటే ఒక చలవద్దాల జత తీసుకోండి అన్నాడు. పవర్ లేని చలవద్దాలు పెట్టుకుని నేను మెట్రో పిల్లర్లను గుద్దుకుంటూ తిరగాలి కాబోలు.

అక్కడే స్టూలు మీద కూర్చున్నాను. నాకు గొడవ పెట్టుకోవడం రాదు. అందుకని ఊరికే కూర్చున్నాను. కాసేపటికి ఒక తల్లి కూతురిని తీసుకుని వచ్చింది. ఆ పిల్లవీ మందపాటి అద్దాలే. పలచటివి కావాలని అడిగింది. ఓనర్ మాట మొదలుపెట్టాడు. నేను ఆమె వైపు తిరిగాను.

"అద్దాలొచ్చినంక కవర్ అడిగి తీస్కోమ్మా. నాకియ్యలే" అన్నాను.

ఆమె ఓనర్ ముఖం చూసింది. ఏ కవరు అని అడిగింది. అతను నాలుగు వేలు లెక్కపెట్టి నా ముందు పెట్టాడు. మిగతాది వాడిన ఫ్రేముకు, ఆ అద్దాలకు పోయిందన్నాడు. తీసుకుని లేచాను.

తర్వాత చిన్న ఫ్రేము కోసం వేట. పెద్దమ్మ చెప్పిన కొలత పెద్దవాళ్ల అరల్లో ఎక్కడా లేదు. చివరికి నాచారం క్రాస్ రోడ్స్ దగ్గర ఒక చిన్న దుకాణంలో పిల్లల అరలో దొరికింది. ముదురు మెరూన్ రంగు, గుండ్రం. పాపకెన్నేళ్లు అని దుకాణదారు అడిగాడు. నలభై ఒకటి అన్నాను. చెవి కాడలు పొట్టిగా ఉంటే పెద్దమ్మ పొడుగువి మార్చి బిగించింది. నన్ను ఎదురుగా కూర్చోబెట్టి తన ముక్కునే చూడమని, ఫ్రేములోని ఉత్తుత్తి ప్లాస్టిక్ అద్దాల మీద, నల్లగుడ్లు వచ్చే చోట పెన్నుతో రెండు చుక్కలు పెట్టింది. వన్ సిక్స్ సెవెన్ అద్దాలు తనకు తెలిసిన హోల్‌సేల్ వాళ్ల దగ్గర తెప్పించింది. కోసే ముందు కవరు నా చేతికిచ్చి చదవమంది. కంటికి ఆనించి చదివాను. మొత్తం కలిపి ఉప్పల్‌లో కట్టినదానికన్నా తక్కువే అయింది.

అంచుల్లో మందం వల్ల పడే గుండ్రాలు ఇప్పటికీ కనిపిస్తాయి. అద్దాల వెనక కళ్లు ఇప్పటికీ చిన్నగానే కనిపిస్తాయి. కానీ మందం సగానికి తగ్గింది, తల వంచితే జారవు. మా ఆయన చూసి, బడికి పోయే పిల్ల లెక్కున్నవ్ అన్నాడు. ఆ మాట నాకేమీ నచ్చలేదు గానీ మార్చుకునే ఓపిక కూడా లేదు.

కంపెనీలో సూపర్‌వైజర్ ఇరవై సీసాలు నా ముందు పెట్టి, తప్పువి ఏరమన్నాడు. నాలుగు పక్కన పెట్టాను. మూడే కదా అన్నాడు. నాలుగోది అతని చేతికిచ్చాను. వెలుతురు వైపు తిప్పి చాలాసేపు చూశాడు. రేపటి నుంచి టేబుల్ కాడికే రా అక్కా అని మాత్రం అన్నాడు.

జనగామలో ఉండే మా చెల్లెలికి మైనస్ తొమ్మిది. ఆదివారం ఫోను చేసి, ఫ్రేము సంగతి, కవరు సంగతి అంతా చెప్పాను.

"నిన్ననే అడ్వాన్స్ ఇచ్చొచ్చిన. పెద్ద ఫ్రేమే. గిప్పుడు గవే నడుస్తున్నయట గదక్కా" అంది.

ఆ దుకాణం ఎన్నింటికి తెరుస్తారో కనుక్కోమని చెప్పి, చెప్పులేసుకుని రింగు రోడ్డులో జనగామ బస్సెక్కాను.