మూడింటి ఫీకా

ఆఫీస్ కిచెన్‌లో ఎవరైనా ఏలకుల బన్ను వేడి చేస్తే, ఆ వాసనకు నాకు పాయసం గుర్తు రాదు, ఇంగ్రిడ్ గుర్తొస్తుంది. ఆమెతో పనిచేసినవాళ్లలో ఇక్కడ నేనొక్కదాన్నే మిగిలాను. మూడింటికి లేచి కాఫీకి వెళ్లే కొత్తవాళ్లకు ఆ అలవాటు ఎవరిదో తెలియదు. అందుకే రాసిపెడుతున్నాను.

అమెరికాలోని అరోరాలో నేను ఈ ఉద్యోగానికి చేరేనాటికి నా వీసా పొడిగింపు ఇంకా తేలలేదు. ఇంగ్రిడ్ మా మేనేజర్, స్వీడన్‌లో పుట్టిన మనిషి. మొదటి వారమే, మధ్యాహ్నం మూడింటికి నా డెస్క్ దగ్గరికొచ్చి "ఫీకా" అని, రమ్మన్నట్టు తల ఊపి వెళ్లింది. పక్క సీటు సుధాకర్ గొంతు తగ్గించి, "కాఫీకి పిలిచిందంటే ఏదో ఉంది పద్మగారూ. నా పాత కంపెనీలో కాఫీ తాగించే లేఆఫ్ చేశారు," అన్నాడు.

ఆ రోజుకు పని ఉందని తప్పించుకుని, సాయంత్రమే లైబ్రరీకి వెళ్లాను. తెలియని మాటను వదిలిపెట్టే అలవాటు నాకు లేదు. నా చదువులో సగం లైబ్రరీలలో సంపాదించుకున్నదే. ఫీకా అంటే పని ఆపి, నలుగురితో కూర్చుని, ఏదైనా తింటూ కాఫీ తాగడమని స్వీడిష్ నిఘంటువులో ఉంది. మేనేజర్ ఎందుకు పిలుస్తుందో మాత్రం లేదు.

మర్నాడు మళ్లీ పిలిస్తే, పని ఎంతవరకు వచ్చిందని అడుగుతుందేమో చూపిద్దామని లాప్‌టాప్ పట్టుకుని వెళ్లాను. ఇంగ్రిడ్ దాని మూత మెల్లగా మూసి, "ఇది కాఫీ తాగదు కదా," అంది. తర్వాత మా ఇంట్లో డికాక్షన్ ఎలా తీస్తారని అడిగింది. కూపీ లాగుతోందనుకుని ముక్తసరిగా చెప్పాను. నెలల తరబడి అంతే. ఆమె అడిగేది, నేను మాటలు తూచి చెప్పేదాన్ని.

ఒక గురువారం ఉద్యోగాల కోత వార్త గుప్పుమంది. మూడింటికి ఇంగ్రిడ్ ఇంట్లో కాల్చిన బన్నులతో వచ్చింది.

"ఆ బాక్స్ చూశారా? ఇవాళ స్వీట్ పెట్టి మరీ పంపిస్తారు," అన్నాడు సుధాకర్.

"నీకూ ఒకటి ఉంచిందిలే," అని లేచి వెళ్లాను.

బల్ల దగ్గర ఇంగ్రిడ్, ఏలకులు అప్పటికప్పుడు దంచాలే తప్ప పొడి కొనకూడదని చెబుతోంది. నేను ఆగలేక, "నన్ను తీసేస్తున్నారా?" అని అడిగేశాను.

"లేదు, నువ్వు ఉంటావు. ఇక పని మాటలు డెస్క్ దగ్గర," అని ఇంకో బన్ను నా వైపు జరిపింది.

నేను నమ్మలేదు. శుక్రవారం వెళ్లేసరికి ఆమె సీటే ఖాళీగా ఉంది. ఉద్యోగం పోయిందని ఆమెకు గురువారం పొద్దుటే చెప్పేశారట.

ఇప్పటికీ పైవాళ్లెవరైనా కాఫీకి రమ్మంటే నాకు ముందు అనుమానమే వస్తుంది. అయినా మూడింటికి నేనే లేచి అందరినీ పిలుస్తాను. ఎవరైనా లాప్‌టాప్ తెస్తే మూత మూస్తాను.

నిఘంటువు వెతికిచ్చిన లైబ్రేరియన్ డోనాకు, ఆనాటి మాటలు ఫోన్‌లో గుర్తుచేసిన ఇప్పుడు హెర్న్‌డన్‌లో ఉంటున్న సుధాకర్‌కు, రాసింది చదివి పెట్టిన మా పొరుగింటి లక్ష్మిగారికి కృతజ్ఞతలు. ఇంగ్రిడ్‌కు, ఆ రెండో బన్నుకు.